నీళ్ళని ఏమంటారు

మా నాన్న కొత్తవాళ్ళని మూడు ప్రశ్నలు అడిగేవాడు. పేరేటి, ఊరేటి, మీ వైపు నీళ్ళని ఏటంటారు. మొదటి రెండిటి జవాబులూ మర్నాటికల్లా మర్చిపోయేవాడు. మూడోది మాత్రం ఎన్నేళ్ళయినా గుర్తుండేది. కదమాలో మా కంపెనీ క్వార్టరు చుట్టుపక్కలే ఆయనకి అరడజను మాటలు దొరికాయి. బెంగాలీవాళ్ళ జల్, ఒడియావాళ్ళ పాణి, వెనక వీధి తమిళులింట్లో తణ్ణి, మాకు పాలు పోసే సంతాలీ ఆయన దాక్. గేటు దగ్గర కాపలా ఉండే ఉరావ్ ఆయన ‘అమ్మ్’ అన్న రోజున నాన్న ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే ఆ సంగతి చెప్పాడు. ఉరావ్‌ల భాష తెలుగుకి చుట్టమేనని ఆయనకి అప్పటికి తెలీదు. నాకూ తెలీదు. "అయితే దాహమేస్తే అమ్మనే పిలుస్తారన్నమాట" అని అమ్మ మళ్ళీ పొయ్యి వైపు తిరిగిపోయింది.

ఈ పిచ్చి ఎప్పుడు పట్టుకుందో నాకు బాగా తెలుసు. 1987 డిసెంబరు ఆఖరి వారం. తేదీ దగ్గర మాత్రం నాకూ తమ్ముడికీ ఇప్పటికీ పేచీయే. ఆదివారం అని నేనంటాను. ఆదివారమైతే అమ్మ మహాభారతం వచ్చే టైముకి ఇల్లు కదిలేదా అని వాడు. ఆ మహాభారతం టీవీలో మొదలైంది ఆ మరుసటి అక్టోబరులో, అప్పుడు వచ్చేది రామాయణం, అంటే వాడు మాట మారుస్తాడు.

మామూలుగా మాకు సెలవులంటే ఒకటే దారి. టాటానగర్‌లో రైలెక్కడం, ఖరగ్‌పూర్‌లో దిగి ఇంకో బండి కోసం ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుచుకోవడం, మర్నాడు శ్రీకాకుళం రోడ్డులో దిగడం. సంక్రాంతి కోసం నాన్న ఏడాదంతా సెలవులు దాచేవాడు. మా ఊళ్ళో జంషెడ్‌పూర్‌ని జంషెడ్‌పూర్ అనేవాళ్ళు లేరు. "మావోడు టాటాలో ఉన్నాడు" అంటారు, అంతే. ఆ ఏడు మాత్రం ఊరు లేదు. తాత పోయాక పంపకాల్లో పెదనాన్నకీ నాన్నకీ మాటలు పోయాయి. ఎన్ని సెంట్ల తేడా వచ్చిందో నాకు తెలీదు. వాళ్ళ మాటల్లో పదేపదే ఒక పనసచెట్టు వచ్చేది. ఆ చెట్టు నాకు గుర్తుంది గానీ దాని కాయ తిన్న గుర్తు లేదు.

"సెలవులు మురిగిపోతాయి, ఎక్కడికైనా ఎల్దాం" అన్నాడు నాన్న. పూరీ అనుకున్నాను. మా క్లాసులో సగం మంది పూరీ వెళ్ళొచ్చినవాళ్ళే, తక్కినవాళ్ళు దీఘా. ఒకమ్మాయి డార్జిలింగ్ కూడా వెళ్ళింది, ఆ పిల్లకి అక్కడ కొన్న మఫ్లరు మార్చి దాకా మెడ మీదే ఉండేది. నాన్న చెప్పిన పేర్లు బేనీసాగర్, ఖిచింగ్. మిల్లులో ఒక ఒడియా ఫోర్మన్ చెప్పాడట, పాతకాలం రాజుల కట్టడాలు, అన్నీ పడిపోయి ఉంటాయని. పడిపోయినవి చూడ్డానికి డబ్బులు పెట్టి వెళ్ళడమేమిటో నాకు అర్థం కాలేదు. అమ్మ ఒకే ఒక షరతు పెట్టింది. ఎక్కడో ఒకచోట పూజ జరిగే గుడి ఉండాలి.

అద్దె అంబాసడర్. ఆ రెక్సిను సీట్ల వాసన, పెట్రోలు వాసన, దాని మీద అమ్మ ఒళ్ళోని స్టీలు డబ్బాలోంచి పులిహోర ఇంగువ వాసన, ఈ మూడూ కలిసిన వాసన నాకు ఇంకెక్కడా తగల్లేదు. మంచు దట్టంగా ఉంది. వెనక్కి చూస్తే ఫ్యాక్టరీ వైపు ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది, స్లాగ్ పారబోసినట్టున్నారు. అందరికీ మంకీ క్యాపులు. హాతా దాటి చాయిబాసా వైపు తిరిగాక డ్రైవరు బండి ఆపి, డిక్కీలోంచి ఆకుపచ్చ గుడ్డ ఒకటి తీసి బానెట్‌కి కట్టాడు. ఆ ఆగస్టు 8న బిష్టుపూర్‌లో ఆకుపచ్చ జెండా ఝార్ఖండ్ ముక్తి మోర్చా నాయకుడు నిర్మల్ మహతోని కాల్చి చంపారు. తర్వాత ఎప్పుడు ఏ రోడ్డు మూస్తారో తెలిసేది కాదు. గోడలన్నీ వేరే రాష్ట్రం కావాలన్న రాతలే. నాకు మాత్రం బళ్ళు మూసేసిన రోజులు బాగా గుర్తు, మరీ హాయిగా గుర్తు. ఒక మనిషి ప్రాణం పోయిందని ఆ పన్నెండేళ్ళ బుర్రకి ఎక్కనే లేదు.

డ్రైవరు ‘హో’ తెగ మనిషి, చాయిబాసా అవతలి పల్లె. చెవుల మీద వెంట్రుకలుండేవి. ముఖం గుర్తులేదు, చెవులే గుర్తు.

చాయిబాసా దాటాక ఒక ఊరి పక్కన చింతచెట్ల కింద పెద్దపెద్ద రాతి పలకలు కనిపించాయి. కొన్ని నేల మీద పరిచి ఉన్నాయి, కొన్ని పొట్టి రాళ్ళ మీద బల్లల్లా నిలబెట్టి ఉన్నాయి. కోళ్ళు వాటి కింద తిరుగుతున్నాయి. ఇవేనా నాన్నా శిథిలాలు అని అడిగాను. హిందీలోనే అడిగాను, మేం అక్కాతమ్ముళ్ళం ఇంట్లో కూడా సగం హిందీయే. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు.

"శిథిలాలు కాదు బేబీ. మా తాతలు."

ససన్‌దిరి అంటారట వాటిని. పోయినవాళ్ళ ఎముకలు ఆ పలకల కింద పెడతారు, ఒక్కో ఇంటిపేరుకీ ఒక్కో చోటు. ఇప్పటికీ పెడుతున్నారు. అమ్మ గబుక్కున చేతులు జోడించింది. నేను కిటికీ అద్దం పైకెత్తేసుకున్నాను. సిగ్గుపడి ఎత్తానా, చలికి ఎత్తానా అంటే, చలికేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

మజ్‌గావ్ ఇంకా ఎంతో దూరం లేదనగా రేడియేటరు పొగలు కక్కింది. పక్కనే బావి. ఒక ముసలామె అల్యూమినియం డేక్చీ నింపుకుంటోంది. డ్రైవరు ఆమెతో ఏదో అన్నాడు. ఆమె డేక్చీ ఎత్తి మా వైపు చూపించి, "దా?" అంది. తమ్ముడికి ఏడేళ్ళు. వాడికి తెలుగులో వినపడింది. దా అందిగా, టకటకా నడిచి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమెకి నవ్వొచ్చి వాడి దోసిట్లో నీళ్ళు పోసింది. వాడు తాగేశాడు. మరగబెట్టని నీళ్ళు! అమ్మ కారులోంచే కేకలు.

నాన్న అక్కడే ఆగిపోయాడు. "ఏటన్నాదామె?" అని డ్రైవరుని అడిగాడు. నీళ్ళు కావాలా అందని అతను చెప్పాడు. దా అంటే నీళ్ళు. ఆమె చేత నాన్న మళ్ళీ అనిపించాడు, తనూ అన్నాడు. ‘దా’ చివర గొంతులో చిన్న కొక్కెం పడాలి, గుటక మింగబోయి ఆపినట్టు. నాన్నకి అది వెంటనే వచ్చేసింది. నాకు ఈ రోజుకీ రాదు.

అప్పుడు చెప్పాడు. చిన్నప్పుడు తాతతో ఎండుచేపల గంపలు పట్టుకుని సీతంపేట సంతకి వెళ్ళేవాడట. కొండ దిగి వచ్చే సవరలు అక్కడ నీళ్ళడిగేవాళ్ళట. వాళ్ళ మాట కూడా ఇదే, కొంచెం సాగదీస్తారంతే. "మూడొందల మైళ్ళుంటాది గదా ఇక్కడికి. ఈ మాట ఎలాగొచ్చింది?" అని తనలో తనే అనుకుంటూ రేడియేటరు మూత తియ్యబోయి చెయ్యి కాల్చుకున్నాడు. సవరలంటే ఎవరని డ్రైవరు అడిగాడు. మా కొండలమీది వాళ్ళు అన్నాడు నాన్న. "అయితే మావాళ్ళే" అని, డ్రైవరు చాలా మామూలుగా రేడియేటర్లో నీళ్ళు పోశాడు.

బేనీసాగర్ గురించి నేను రాయగలిగింది తక్కువ. కారణం సిగ్గుచేటు. నేను చాలాసేపు కారు దిగలేదు. వెనక సీట్లో కాళ్ళు మడుచుకుని చందమామ చదువుతూ కూర్చున్నాను. అందులో పాడుబడిన మంటపాలూ, మర్రి ఊడలు అల్లుకున్న కోటలూ రంగుల బొమ్మల్లో ఉన్నాయి, వాటినే చూస్తున్నాను. కిటికీ బయట అసలువే ఉన్నాయి.

చివరికి తమ్ముడు వచ్చి లాక్కెళ్ళాడు. చెరువు పెద్దది, నలుచదరంగా గీత గీసినట్టు. అవతలి గట్టు మీద మనుషులు చీమల్లా ఉన్నారు. గట్టు పొడవునా మట్టి దిబ్బలు, వాటిలోంచి పొడుచుకొచ్చిన ఇటికలు. చెట్టు మొదట్లో విగ్రహాలు, ముక్కులు అరిగినవి, చేతులు విరిగినవి, ఒకదానికి సిందూరం. చెక్కిన రాయి ఒకదానికి ఆవు కట్టేసి ఉంది. నీటి దగ్గర నాచు వాసన. ఎవరో బేను రాజు తవ్వించాడని డ్రైవరు చెప్పాడు. 1840లోనే టికెల్ అనే ఆంగ్లేయ అధికారి ఈ చోటు చూసి వెళ్ళాడని నేను పెద్దయ్యాక చదివాను. ఈ ప్రాంతాన్ని కోల్హాన్ అనడం తప్పు, హోదేశం అనాలని ఆయన వాదన. ఝార్ఖండ్ రాష్ట్రం వచ్చాక పురావస్తు శాఖ ఆ దిబ్బలు తవ్వితే గుళ్ళ పునాదులు వరసగా బయటపడ్డాయి. అయిదో శతాబ్దం నాటి బ్రాహ్మీ అక్షరాలు కూడా దొరికాయి, నాలుగు వేదాలు చదివిన ప్రియంగు అనే ఆయన పేరు. ప్రియంగు అంటే కొర్రలు. కొర్రలయ్య అన్నమాట, మా శ్రీకాకుళంలో పెట్టుకోదగ్గ పేరే. ఆ రోజు ఆయన మా కాళ్ళ కిందే ఎక్కడో ఉండి ఉంటాడు.

నాన్న ఏం చేశాడంటే, పడి ఉన్న రాళ్ళ అంచులు తడుముతూ తిరిగాడు. రోలింగ్ మిల్లు ఫిట్టరు కదా, దేవుళ్ళ కంటే అతుకులు కనపడ్డాయి. రెండు రాళ్ళని పట్టి ఉంచడానికి ఇనప క్లాంపు దిగేసిన గాడి ఒకటి దొరికింది. అందులో చిటికెన వేలు పెట్టి బయటికి తీస్తే గోటికి తుప్పు. ఆ వేలు నా ముఖం ముందు పెట్టి "సూడు" అన్నాడు. నేను ముఖం పక్కకి తిప్పాను. "ఏటే గుంటా, ఏడుపు మొకం? పూరీలో అయితే ఇది దొరుకుతాదా?"

దొరుకుతుందని నాకు అప్పుడు తెలిస్తే చెప్పి ఉందును. కోణార్క్‌లో ఇనప దూలాలే ఉన్నాయి.

ఖిచింగ్ దగ్గరికి వచ్చేసరికి ఎండ నెత్తి దాటింది. అమ్మ షరతు తీరింది, అక్కడ పూజలు జరుగుతాయి. అయితే అమ్మవారి పేరు కీచకేశ్వరి. అమ్మ నమ్మలేదు. "కీచకుడి పేరు మీద అమ్మవారేమిటండీ, అపచారం" అని నాన్నని గదమాయించింది. అక్కడివాళ్ళకి అది విరాటుడి ఊరే, కోట గోడల గుట్టల్ని చూపించి విరాటగఢ్, కీచకగఢ్ అంటారు. లోపల ఏ లక్ష్మీదేవో ఉంటుందనుకుంది పాపం. డొక్కలు ఎండి, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న చాముండి! అమ్మ కొబ్బరికాయ పూజారి చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. దారంతా ఆ డొక్కల గురించే మాట్లాడింది, "ఎన్నాళ్ళయిందో తల్లి తిని" అని.

ఆ గుడి నిజానికి పాతదీ కొత్తదీ కూడా. మయూర్‌భంజ్ మహారాజా 1920లలో, పడిపోయిన రాళ్ళు ఏరించి, లేనివి చెక్కించి తిరిగి కట్టించాడు. నల్లటి మెత్తని రాయి, అరచెయ్యి ఆనిస్తే చల్లగా ఉంటుంది. ఏది పాత రాయో ఏది కొత్త రాయో కనిపెట్టడం నాన్నకి ఆటయిపోయింది. నన్నూ తమ్ముణ్ణీ పందెం వేసుకోమన్నాడు. తమ్ముడు గెలిచాడు. "ఈ రాజుగారి కొండల్లో ఇనుము లేకపోతే మనం టాటా వచ్చేవోళ్ళం కాదు" అన్నాడు ఆ అరుగు మీద పెరుగన్నం తింటూ. గోరుమహిసానీ కొండలో ఇనుముందని పి.ఎన్. బోస్ 1904లో టాటాలకి ఉత్తరం రాసిన సంగతి జంషెడ్‌పూర్ బళ్ళో ప్రతి పిల్లకీ నోటికొచ్చు. పాఠంలో ఉన్నదాన్ని పాఠం బయట గుర్తుపట్టడం మాత్రం ఏ బళ్ళోనూ నేర్పరు.

అరువు కెమెరాతో పన్నెండు ఫొటోలు తీశాడు నాన్న. పదకొండు నల్లగా వచ్చాయి. ఉన్నదాంట్లో సగం అమ్మ, సగం ఆకాశం.

జనవరిలో బడి తెరిచారు. ఇంగ్లీషు టీచరు సెలవులు ఎలా గడిపారో రాయమంది. నేను పూరీ వెళ్ళామని రాశాను. రెండు పేజీలు. కెరటాలు మోకాళ్ళ దాకా వచ్చాయనీ, గవ్వలు ఏరుకున్నాననీ, ఒంటె మీద తమ్ముడు ఏడ్చాడనీ. నేను సముద్రం చూడనిదాన్నేం కాదు, కళింగపట్నం సముద్రం మా ఊరికి దగ్గరే. ఆ నీళ్ళే పూరీలో పోశాను. తెల్లకాగితం నింపడం అంత సులువని అప్పుడే తెలిసింది, తర్వాత అదే నాకు పనయిందనుకోండి.

కాపీ మీద ఇంట్లో సంతకం చేయించుకుని రావాలి. అమ్మకి ఇంగ్లీషు రాదని అమ్మ దగ్గరికే తీసుకెళ్ళాను. ఆవిడ చేతులు పిండిలో ఉన్నాయి, "మీ నాన్నకియ్యి" అంది. బీ షిఫ్టు ముగించి రాత్రి పదిన్నరకి వచ్చాడు. నేను నిద్ర నటిస్తున్నాను. లైటు కింద నిలబడి, ఒక్కో మాట మీద వేలు పెడుతూ చదివాడు. ఆయనకి ఇంగ్లీషు మిల్లు నోటీసుల మేరకు వచ్చు. పేజీ తిప్పడం వినిపించింది. చాలాసేపు పట్టింది.

పొద్దున్న సైకిలు తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు: "సముద్రం బాగా రాసినావు గుంటా."

కాపీ తెరిచి చూస్తే సంతకం ఉంది. తెలుగులో. ఇదేం భాషని టీచరు అడిగింది. పదికి ఎనిమిది వేసింది. ఆ మాట ఆయన కోపంగా అన్నాడా, నిజంగానే మెచ్చుకున్నాడా, ఊరు గుర్తొచ్చి అన్నాడా, ఎన్నోసార్లు ఆ గొంతుని నెమరేసుకున్నాను. నెమరేసుకోగా నెమరేసుకోగా ఇప్పుడు గొంతు పోయి మాటలే మిగిలాయి.

2009లో నాన్న పోయాక అస్థికలు వంశధారలో కలపడానికి కళింగపట్నం వెళ్ళాం. మర్నాడు ఏమీ తోచక మా ఆయన సాలిహుండం కొండకి తీసుకెళ్ళాడు. నాన్న చిన్నప్పుడు మేకలు కాసిన కొండ అదే. ఆ ఇటికలమీద ఆడుకునేవాళ్ళమని చెప్తే నేనెప్పుడూ ఏ ఇటికలని అడగలేదు. మెట్లదారి ఎక్కి చూస్తే బండి చక్రంలా ఆకులు వేసి కట్టిన స్తూపాలు, ఇటిక మీద ఇటిక. కింద వంశధార పరుచుకుని ఉంది. బౌద్ధులు ఎంచుకున్న చోటు గొప్పదే. గాలి కూడా.

ఆ కొండ మీది అవశేషాల్ని 1919లో గుర్తించి లోకానికి చెప్పింది గిడుగు రామమూర్తిగారు. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగే. సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిందీ ఆయనే. ఆ సవరా, డ్రైవరు మాట్లాడిన హో, మా పాలాయన సంతాలీ, మూడూ ముండా భాషా కుటుంబం. బావి దగ్గర చెయ్యి కాల్చుకుంటూ నాన్న అడిగిన ప్రశ్నకి జవాబు, ఆయన మేకలు కాసిన కొండని గుర్తించిన మనిషి దగ్గరే ఉంది. ఈ సంగతి తెలిసేసరికి చెప్పడానికి ఆయన లేడు. పెదనాన్నకి చెప్పాను. ఆయన విని, "మీ అయ్యకి చిన్నప్పట్నుంచీ అంతే, తిన్నగా ఉండడు" అన్నాడు. పనసచెట్టు కొట్టేశారు, అక్కడ స్నానాల గది ఉంది.

మొన్న డిసెంబరులో తమ్ముడు హూస్టన్ నుంచి పిల్లల్ని తీసుకుని మెక్సికో వెళ్ళాడు. చీచెన్ ఇట్జా నుంచి వీడియో కాలు. వెనక పెద్ద మెట్ల పిరమిడ్, నాలుగు వైపులా తొంభై ఒక్కటి చొప్పున, పైదాంతో కలిపి మొత్తం మూడు వందల అరవై అయిదు మెట్లట. ఎక్కనివ్వరు. కింద నిలబడి చప్పట్లు కొడితే పైనుంచి పిట్ట కూసినట్టు ప్రతిధ్వని వస్తుందని వాడు కొట్టి చూపించాడు. నాకు ఫోన్లో చప్పట్లే వినిపించాయి. వాడి చిన్నది విసుగ్గా ఒక చెట్టుకింద ఫోను చూసుకుంటోంది. దాన్నేమీ అనకురా అన్నాను.

మాయా వాళ్ళంతా ఎక్కడికి పోయారని ఆ పిల్లే గైడుని అడిగిందట. ఆయన నవ్వి, నేను మాయా వాణ్ణే, ఇంట్లో మాయా భాషే మాట్లాడతాం అన్నాడట. "నాకు వెంటనే ఆ డ్రైవరు గుర్తొచ్చాడే అక్కా" అన్నాడు తమ్ముడు.

"చెవులు గుర్తున్నాయా?"

"చెవులేంటి? మీసాలు కదా ఆయనకి. సరే విను, నేనేం అడిగానో చెప్పుకో ఆ గైడుని."

చెప్పుకోనక్కర్లేదు. ‘హా’ అంటారట వాళ్ళు. దానికీ చివర కొక్కెం ఉందట, వాడు అని చూపించాడు. దోసిట్లో నీళ్ళు తాగినవాడు కాబట్టి వాడికి వస్తుంది.

ఆస్పత్రిలో నాన్న ఆఖరి వారం నేనే ఉన్నాను. తమ్ముడికి వీసా గొడవ. నీళ్ళు గుక్కగుక్కగా చెంచాతోనే ఇవ్వాలన్నారు. రాత్రి డ్యూటీ నర్సు కొత్తమ్మాయి, కేరళ నుంచి. ఆయన కళ్ళు తెరిచి పేరడిగాడు, ఊరడిగాడు. మూడోది అడిగేలోపు దగ్గొచ్చింది. నేనే అడిగాను. ఆ అమ్మాయి గ్లాసు ఎత్తి, "వెళ్ళం" అంది.

నాన్న ముఖంలోకి నవ్వు వచ్చింది. పళ్ళ సెట్టు తీసేశారు కాబట్టి చిన్నపిల్లాడి నవ్వులా ఉంది. "అప్పుడా ముసిల్ది దా అన్నాది" అన్నాడు. కాస్త ఆగి, "ఈ గుంట ఎల్లం అంటంది."

ఇది తమ్ముడికి చాలాసార్లు చెప్పాను. రెండో మాట నువ్వు కల్పించావంటాడు వాడు. రాసేదానివి కదా, సముద్రం కల్పించినట్టే కల్పించావు అంటాడు. కావచ్చు. వాడా రాత్రి ఆ గదిలో లేడు.